సగం గాలిమరలు ఆగిపోయాయి: టెక్సాస్ కరెంటు కోతల వార్తలపై ఒక కేస్ స్టడీ

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఒంటిగంట దాటాక టెక్సాస్ గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కరెంటు కోతలు మొదలుపెట్టింది. ఒక దశలో 20 వేల మెగావాట్ల లోడ్, అంటే వాడకం, తీసేయాల్సి వచ్చింది. విడతలవారీగా ఉంటాయన్న కోతలు చాలా ఇళ్లకు రోజుల తరబడి సాగాయి. 45 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. చనిపోయినవాళ్లు 246 మంది అని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తర్వాత లెక్క తేల్చింది. ఇళ్లల్లో నీళ్ల పైపులు ఇంకా పగులుతుండగానే టీవీల్లో కారణం ఖరారైపోయింది. గాలిమరలు గడ్డకట్టాయి, పర్యావరణ విధానాలు రాష్ట్రాన్ని చీకట్లోకి నెట్టాయి అని.

వాతావరణ విధానాల మీద వార్తల్లో వచ్చే తప్పుడు సమాచారాన్ని పరిశీలించడం నా పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ కేసే. ఇందులో పచ్చి అబద్ధం దాదాపు లేదు. అంకెలు నిజమైనవి, చెప్పినవాళ్లు బాధ్యత గల పదవుల్లో ఉన్నవాళ్లు, అచ్చు వేసినవి పేరున్న పత్రికలు. అయినా జనం దగ్గరికి చేరింది తప్పుడు కథ. అలా ఎలా జరిగిందో పట్టుకోవాలంటే ఒక్కో అంకె వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, అది పుట్టిన చోట దాని పక్కన ఏ వాక్యం ఉందో చూడాలి.

ముందు జరిగిందేమిటి

ఫిబ్రవరి 14 సాయంత్రం టెక్సాస్‌లో కరెంటు వాడకం 69 వేల మెగావాట్లు దాటింది. చలికాలంలో అంత వాడకం అక్కడ అంతకు ముందెప్పుడూ లేదు. అర్ధరాత్రి దాటాక ప్లాంట్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. మన దగ్గర గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అమెరికాలో 60. అది 59.4 కంటే దిగువన తొమ్మిది నిమిషాలు ఉంటే మిగిలిన జనరేటర్లు కూడా వాటంతటవే ట్రిప్ అయి ఆగిపోతాయి. ఆ రాత్రి నాలుగు నిమిషాలకు పైగా ఉంది. మరో నాలుగున్నర నిమిషాలు అలాగే ఉండి ఉంటే రాష్ట్రమంతా పూర్తిగా చీకటై, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేదని అంచనా.

పడిపోయినవాటిలో అన్ని రకాల ప్లాంట్లూ ఉన్నాయి. సౌత్ టెక్సాస్ అణు కేంద్రంలో ఒక యూనిట్ ఆగిపోయింది. ఫీడ్‌వాటర్ పంపు దగ్గర పీడనాన్ని కొలిచే సన్నటి గొట్టం గడ్డకట్టడమే కారణం. గ్యాస్ ప్లాంట్లలోనూ బొగ్గు ప్లాంట్లలోనూ ఇలాంటి గొట్టాలు, వాల్వులు, సెన్సర్లే మొరాయించాయి. వాటికి తోడు గ్యాసే సరిగా రాలేదు. పడిపోయిన 46 వేల మెగావాట్లలో గ్యాస్, బొగ్గు, అణు ప్లాంట్లవి 30 వేలు, గాలి, సౌర ప్లాంట్లవి 16 వేలు అని ఎర్కాట్ ఫిబ్రవరి 16న చెప్పింది. గాలిమరలు గడ్డకట్టడం అన్నిటికంటే చిన్న కారణమని ఆ సంస్థ ఆపరేషన్స్ అధికారి డాన్ వుడ్‌ఫిన్ ఆ వారంలోనే అన్నాడు.

పని ఎలా చేశాం

కథనాన్ని మొత్తంగా తీసుకుని ఇది నిజం, ఇది అబద్ధం అని ముద్ర వేయడం మేం చెయ్యం. ప్రతి కథనాన్నీ విడివిడి క్లెయిములుగా విడగొట్టి ఒక షీట్‌లో రాసుకుంటాం. ఒక్కో క్లెయిమ్‌కు నాలుగు గడులు ఉంటాయి: అంకె ఏమిటి, అది దేనిలో భాగం, ఏ రోజు ఏ గంటకు సంబంధించినది, మొదట చెప్పింది ఎవరు. ఎక్కువగా తేడాలు బయటపడేది రెండో గడిలో, మూడో గడిలో.

టీవీ మాటల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ దాచిన న్యూస్ క్యాప్షన్లు ఉన్నాయి. ఏ చానల్లో ఏ నిమిషంలో ఏ మాట వచ్చిందో వెతకొచ్చు. పత్రికల పాత రూపాల కోసం వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ తప్పనిసరి, ఎందుకంటే హెడ్‌లైన్లు రోజులో రెండు మూడు సార్లు మారతాయి. కరెంటు లెక్కలకు అమెరికా ఇంధన సమాచార సంస్థ, అంటే ఈఐఏ, గంట గంటకీ ఇచ్చే డేటా ఉంది. ఏ ఇంధనం నుంచి ఎంత కరెంటు వచ్చిందో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంత ఓపెన్ డేటా ఉన్న సంఘటన దొరకడం ఈ పనిలో అదృష్టమే.

క్లెయిములను వర్గాలుగా పెట్టడానికి ట్రావిస్ కోన్, కాన్‌స్టంటైన్ బుసాలిస్, జాన్ కుక్, మిర్యమ్ నాంకో 2021లో ప్రచురించిన వర్గీకరణ తీసుకున్నాం. అందులో ఐదు పెద్ద వర్గాలు: భూమి వేడెక్కడం లేదు, వేడెక్కుతున్నా మనుషుల వల్ల కాదు, దాని వల్ల పెద్ద నష్టం లేదు, పరిష్కారాలు పనిచేయవు, శాస్త్రాన్నీ శాస్త్రవేత్తలనూ నమ్మలేం. టెక్సాస్ వార్తలు దాదాపు అన్నీ నాలుగో వర్గంలోకే వచ్చాయి. ఇది ముఖ్యమైన విషయం. వాతావరణ మార్పు అబద్ధం అని వాదించే గొంతుల కోసం మాత్రమే వెతికే పరిశోధకుడికి ఈ వారమంతా తప్పుడు సమాచారమే లేదనిపిస్తుంది.

ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండా కోడింగ్ చేసి, అంటే ఏ క్లెయిమ్ ఏ వర్గమో గుర్తించి, తర్వాత మా తీర్పులు ఎంత కలిశాయో క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అనే కొలమానంతో చూసుకున్నాం. 0.8 దాటకపోతే నిర్వచనాలు మళ్లీ రాసుకోవడం ఈ రంగంలో ఆనవాయితీ. ఎక్కువ తగువు వచ్చింది ప్రశ్నార్థకం పెట్టిన హెడ్‌లైన్ల దగ్గర. ‘గాలిమరలే ముంచాయా?’ అనేది క్లెయిమా, ప్రశ్నా? కింద కథనంలో జవాబు లేకుంటే క్లెయిమే అని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం సరైనదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

12,000 మెగావాట్లు

అన్ని దారులూ వెనక్కి వెళ్లి చేరిన చోటు ఒకటి ఉంది. ఆస్టిన్ అమెరికన్-స్టేట్స్‌మన్ పత్రిక ఫిబ్రవరి 14న, అంటే కోతలు మొదలవక ముందే, ఇచ్చిన వార్త. గడ్డకట్టిన గాలిమరలతో టెక్సాస్ కరెంటు ఉత్పత్తి దెబ్బతింటోందన్నది హెడ్‌లైన్. రాష్ట్రంలో గాలిమరల సామర్థ్యం 25,100 మెగావాట్లని, అందులో 12,000 మెగావాట్ల మేర మంచు పట్టి ఆగిపోయిందని లోపల ఉంది. దాదాపు సగం. ఈ ‘సగం’ అన్న మాటే తర్వాత ప్రపంచమంతా తిరిగింది.

అదే వార్తలో ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. పశ్చిమ టెక్సాస్‌లోని ఆ మరలు ఏడాదిలో ఈ కాలంలో ఎలాగూ పూర్తి సామర్థ్యంతో తిరగవు అన్నది ఒకటి. తీరం వైపు గడ్డకట్టని మరలు తుపాను గాలికి అనుకున్నదానికంటే ఎక్కువ కరెంటు ఇస్తూ నష్టాన్ని కొంత పూడుస్తున్నాయన్నది రెండోది. రాసిన విలేకరి తన పని సక్రమంగా చేశాడు. ఆ రెండు వాక్యాలూ దారిలో రాలిపోయాయి.

అవి రాలిపోతే ఏమవుతుంది? ఎర్కాట్ ఆ చలికాలంలో వాడకం తారస్థాయికి చేరిన వేళ గాలి నుంచి వస్తుందని లెక్క వేసుకున్నది సుమారు 6 నుంచి 7 వేల మెగావాట్లే, 25 వేలు కాదు. గ్రిడ్ నిలబడింది గ్యాస్, బొగ్గు, అణు ప్లాంట్ల భరోసా మీద. కాబట్టి 12,000 మెగావాట్ల మరలు ఆగడం అంటే గ్రిడ్‌కు 12,000 మెగావాట్లు తగ్గడం అని అర్థం కాదు. స్థాపిత సామర్థ్యం వేరు, ఆ గంటకు రావాల్సిన ఉత్పత్తి వేరు. ఈ తేడా మన దగ్గరి విద్యుత్ వార్తల్లో కూడా తరచుగా చెరిగిపోతుంది. అనంతపురం, కర్నూలు ప్రాంతాల మరలు నైరుతి రుతుపవనాల నెలల్లో బాగా తిరుగుతాయి, మిగతా కాలం తగ్గుతాయి. ఏ నెల సంగతో చెప్పకుండా మెగావాట్లు మాత్రమే ఇచ్చే వార్త పాఠకుడికి సగం సమాచారమే ఇస్తుంది.

ఇంకొకటి, కాలక్రమం. మరలకు మంచు పట్టింది కోతలకు ముందు వారాంతంలో. ఆదివారం సాయంత్రం రికార్డు వాడకాన్ని గ్రిడ్ ఆ మరలు ఆగి ఉండగానే తట్టుకుంది. కుప్పకూలింది తర్వాత కొన్ని గంటలకు. ఒకదాని తర్వాత ఇంకోటి జరిగితే మొదటిదే కారణమని రాసేయడం విలేకరులకు తేలిక. ఇక్కడ ఆ రెండింటికీ మధ్య ఉన్న గంటల డేటా చూడకుండానే రాశారు.

93 శాతం, 450 శాతం

రెండో అంకె ఇంకా నేర్పుగా అల్లింది. వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయం ఒకటి ఈఐఏ డేటానే ఉదహరించింది. ఫిబ్రవరి 8 అర్ధరాత్రి నుంచి 16 అర్ధరాత్రి మధ్య గాలి కరెంటు 93 శాతం పడిపోయిందట. బొగ్గు 47 శాతం, గ్యాస్ 450 శాతం పెరిగాయట. చదివినవాళ్లకు ఏమనిపిస్తుంది? గాలి చేతులెత్తేసింది, గ్యాస్ ప్రాణం పెట్టి పనిచేసింది అని.

ఈ పోలిక మొదలైన గంట చూడండి. ఫిబ్రవరి 8 అర్ధరాత్రి గాలి బాగా వీస్తోంది, వాడకం తక్కువ, గ్యాస్ ప్లాంట్లకు పెద్దగా పని లేదు. గ్యాస్‌ను చిన్న అంకె దగ్గర, గాలిని పెద్ద అంకె దగ్గర పెట్టి మొదలుపెడితే ఏ చలిగాలి వారంలోనైనా ఇలాంటి శాతాలే వస్తాయి. అసలు అడగాల్సింది గ్యాస్ పెరిగిందా అని కాదు. ఆ రాత్రి ఎంత రావాలని లెక్క, ఎంత వచ్చింది అని. ఆ లెక్కలో అన్నిటికంటే పెద్ద లోటు గ్యాస్‌దే. 450 శాతం పెరిగి కూడా ఇవ్వాల్సినదానికి చాలా దిగువన ఉండటం సాధ్యమే, అదే జరిగింది కూడా.

శాతం కనిపించిన ప్రతిచోటా మేం మొదటి గంటను మార్చి లెక్క మళ్లీ వేస్తాం. మొదటి గంట మార్చగానే కథ తలకిందులైతే ఆ శాతం మీద ఏ వాదనా నిలబడదు. ఈఐఏ డేటా తెరిచి ఎవరైనా ఇది చేసి చూడొచ్చు.

గ్యాస్ ఎందుకు కనిపించలేదు

డాలస్ దగ్గర ఉండే మా బాబాయి కొడుకు ఆ వారం ఫోన్ చేసి, దుప్పట్లు కప్పుకుని మాట్లాడుతూ అడిగిన ప్రశ్న నాకు చాలా పనికొచ్చింది. “అన్నయ్యా, మా ఇంటికి గ్యాస్ లైనే లేదు, అంతా కరెంటే. మరి గ్యాస్ ఆగితే నాకు చలేమిటి?”

“అదే కదరా అసలు సంగతి,” అన్నాను. వాడికి చెప్పినది ఇక్కడా చెప్పాలి. టెక్సాస్‌లో అన్నిటికంటే ఎక్కువ కరెంటు వచ్చేది గ్యాస్ నుంచి. ఆ గ్యాస్ బావి నుంచి నీటితో కలిసి వస్తుంది. గడ్డకట్టే చలిలో బావి దగ్గరే గొట్టం మూసుకుపోతుంది. గ్యాస్‌ను శుద్ధి చేసే కేంద్రాలకు, పైపుల్లోకి తోసే కంప్రెసర్లలో చాలావాటికి కరెంటు కావాలి. వాటిలో కొన్ని తాము అత్యవసర కనెక్షన్లమని ముందే నమోదు చేయించుకోలేదు. దాంతో లోడ్ తీసేసినప్పుడు వాటి కరెంటూ పోయింది. గ్యాస్ ఇంకా తగ్గింది, ప్లాంట్లు ఇంకా పడ్డాయి. ఫిబ్రవరి 13తో ముగిసిన వారంలో రోజుకు సగటున 2,130 కోట్ల ఘనపుటడుగులు ఉన్న టెక్సాస్ గ్యాస్ ఉత్పత్తి, 17వ తేదీకి దాదాపు 1,180 కోట్లకు పడిపోయిందని ఈఐఏ లెక్క.

ఇదంతా వినడానికి కూడా ఓపిక కావాలి. టీవీలో చూపించడానికి ఏమీ లేదు. పాతిపెట్టిన పైపు, రేకు షెడ్డులో కంప్రెసర్, నమోదు కాని ఒక ఫారం. గాలిమర అలా కాదు, మైళ్ల దూరం నుంచి కనబడుతుంది, రెక్కల మీద మంచు ఉంటే ఫొటో అదిరిపోతుంది. తప్పుడు కథ గెలవడానికి రాజకీయం ఎంత కారణమో, బొమ్మ దొరకడం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

ఆ బొమ్మ కూడా టెక్సాస్‌ది కాదు. హెలికాప్టర్ ఒకటి గాలిమర రెక్క మీద ద్రవం చల్లుతున్న ఫొటో లక్షల మందికి చేరింది. పెట్రోలుతో ఎగిరే హెలికాప్టర్ వచ్చి పచ్చ కరెంటును కాపాడుతోందన్న ఎగతాళితో. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టగానే తేలిపోయింది. స్వీడన్‌లో కొన్నేళ్ల క్రితం రెక్కల మంచును వేడి నీళ్లతో కరిగించే ప్రయోగం అది. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇదే బొమ్మ ‘టెక్సాస్ దుస్థితి’ అంటూ తిరిగింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడుతున్నారో ఆ వారం గ్రూపులు చూసినవాళ్లకు తెలుసు. భయంలో ఉన్న మనిషి ఏ ఫొటో వచ్చినా పంపేస్తాడు. అందుకు వాళ్లను తప్పుపట్టను.

విధానం ఎక్కడ కలిసింది

ఫిబ్రవరి 16 రాత్రి గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఫాక్స్ న్యూస్‌లో షాన్ హానిటీ కార్యక్రమంలో మాట్లాడాడు. గాలి, సౌర విద్యుత్ ఆగిపోయాయని, రాష్ట్ర కరెంటులో పది శాతానికి పైగా ఉన్న అవి పోవడంతోనే ఈ పరిస్థితి వచ్చిందని, గ్రీన్ న్యూ డీల్ అమెరికాకు ప్రాణాంతకమని దీంతో తేలిందని ఆయన మాటల సారం. అదే సమయంలో టెక్సాస్ స్థానిక టీవీతో మాట్లాడినప్పుడు మాత్రం గ్యాస్ బావి దగ్గర, పైపుల్లో గడ్డకట్టిందని వివరంగా చెప్పాడు. మర్నాడు విలేకరుల సమావేశంలో అన్ని రకాల ఇంధనాలూ దెబ్బతిన్నాయని ఒప్పుకున్నాడు. ఒకే మనిషి చెప్పిన ఈ మూడు మాటలనూ షీట్‌లో పక్కపక్కన పెడితే, దేశమంతా చూసిన చానల్లో చెప్పినదే ఎక్కువ దూరం వెళ్లిందని అర్థమవుతుంది.

గ్రీన్ న్యూ డీల్ సంగతి కూడా చెప్పాలి. అది వాతావరణ మార్పును ఎదుర్కోవాలంటూ 2019 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్‌లో ప్రవేశపెట్టిన తీర్మానం. చట్టం కాదు. సెనేట్‌లో ఆ మార్చిలోనే 57-0తో ఆగిపోయింది. అమల్లో లేని విధానం వల్ల కరెంటు పోయిందని చెప్పడం సాధ్యం కాదు. కానీ ఆ వారం వార్తల్లో ఈ ఒక్క వాక్యం చేర్చిన డెస్కులు తక్కువ. టెక్సాస్ గాలిమరలు ఎక్కువగా వచ్చింది ఆ రాష్ట్ర సొంత నిర్ణయాలతో, మార్కెట్ లెక్కలతో.

2011 ఫిబ్రవరిని కూడా చాలా కథనాలు గుర్తు చేయలేదు. అప్పుడూ ఇలాంటి చలే, ఇలాంటి గొట్టాలే, 4 వేల మెగావాట్ల కోతలు. అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ ఫెర్క్, గ్రిడ్ల భద్రతను చూసే నెర్క్ ఆ ఏడాది ఆగస్టులోనే నివేదిక ఇచ్చి, ప్లాంట్లనూ గ్యాస్ పరికరాలనూ చలికి తట్టుకునేలా చేయమన్నాయి. దాన్ని తప్పనిసరి చేసి ఉంటే చాలామంది బతికేవారని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నివేదిక ప్రస్తావన లేని ప్రతి కథనాన్నీ మేం ‘నేపథ్యం లేనిది’ అని గుర్తు పెట్టుకున్నాం.

అవతలి వైపు అతి

గాలిమరలకు ఏ పాపం తెలియదన్న కథనాలూ వచ్చాయి. అవి కూడా సరైనవి కావు. మంచు పట్టి మరలు ఆగింది నిజం. స్వీడన్‌లో, కెనడాలో వాడే శీతల రక్షణ పరికరాలు టెక్సాస్ మరలకు చాలావరకు లేవు. 2021 నవంబరులో వచ్చిన ఫెర్క్-నెర్క్ తుది నివేదిక ప్రకారం 1,045 యూనిట్లు ఆగడమో, తగ్గడమో, మొదలవకపోవడమో జరిగింది. వాటిలో గ్యాస్‌వి 58 శాతం, గాలివి 27, బొగ్గువి 6, సౌరవి 2. కారణాల్లో గడ్డకట్టడం 44.2 శాతం, ఇంధన సమస్యలు 31.4 శాతం. ఆ ఇంధన సమస్యల్లో 87 శాతం గ్యాస్ సరఫరావే.

ఈ అంకెలను మన పని చేసేవాళ్లు కూడా తొందరపడి వాడతారు. ఇవి యూనిట్ల లెక్క, మెగావాట్ల లెక్క కాదు. పైగా టెక్సాస్ ఒక్కదానివే కాదు, పక్క రాష్ట్రాల గ్రిడ్లు కూడా కలిసి ఉన్నాయి. మనం ఎదిరిస్తున్న తప్పునే మనం చేస్తే ఇక ఈ పని దేనికి?

‘కొందరు గాలి అంటున్నారు, కొందరు గ్యాస్ అంటున్నారు’ అని ఇద్దరి మాటా రాసి ఊరుకున్న కథనాలది ఇంకో తీరు. మాక్స్‌వెల్ బాయ్‌కాఫ్, జూల్స్ బాయ్‌కాఫ్ 2004లోనే అమెరికా పెద్ద పత్రికల వాతావరణ వార్తలు పరిశీలించి, సమతూకం పేరుతో ఎలా పక్షపాతం వస్తుందో చూపించారు. డేటా అందుబాటులో ఉన్న విషయంలో ఇద్దరు నాయకుల మాటలు పక్కపక్కన పెట్టడం రిపోర్టింగ్ అనిపించుకోదు.

తర్వాత

టెక్సాస్ 2021 జూన్‌లో సెనేట్ బిల్ 3 చట్టం చేసింది. ప్లాంట్లు, ముఖ్యమైన గ్యాస్ కేంద్రాలు చలికి సిద్ధం కావాలని ఆదేశించింది. అంటే చట్టసభ అసలు కారణాన్ని గుర్తించినట్టే. 2023 నవంబరులో ఓటర్లు ఆమోదించిన టెక్సాస్ ఎనర్జీ ఫండ్ మాత్రం ప్రధానంగా కొత్త గ్యాస్ ప్లాంట్లకు తక్కువ వడ్డీ రుణాల కోసం. ఆ ఫండ్‌కు 2021 నాటి టీవీ మాటలే కారణమని నేను అనను. ఒక కథనం నుంచి ఒక చట్టానికి నేరుగా గీత గీయడం మా డేటాతో కాదు. చర్చల్లో అవే వాక్యాలు మళ్లీ వినిపించాయని మాత్రం చెప్పగలను.

ఈ షీట్ తర్వాత బాగా పనికొచ్చింది 2025 ఏప్రిల్ 28న, స్పెయిన్, పోర్చుగల్ దేశాల గ్రిడ్ కుప్పకూలినప్పుడు. గంటల్లోనే సౌర విద్యుత్ మీద, కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలనే నెట్ జీరో విధానం మీద నింద మొదలైంది. ‘అరుదైన వాతావరణ ప్రకంపన’ అని పోర్చుగల్ గ్రిడ్ సంస్థ చెప్పినట్టు వార్తలు వచ్చాయి. తాము అలా చెప్పలేదని ఆ సంస్థ ఖండించాల్సి వచ్చింది. ఆ రోజు మేం షీట్‌లో ఒక గడి కొత్తగా చేర్చాం: ‘ఈ గంటకు ఎవరికి ఏమి తెలుసు’. మొదటి రోజు క్లెయిముల్లో ఎక్కువవాటికి ఆ గడిలో రాయడానికి ఏమీ లేదు. జూన్‌లో స్పెయిన్ ప్రభుత్వ నివేదిక వచ్చి, వోల్టేజి అదుపు తప్పడమే కారణమని, దాన్ని అదుపు చేయాల్సిన సంప్రదాయ ప్లాంట్లు ఆ పని సరిగా చేయలేదని చెప్పింది. సౌర ప్లాంట్లకు వోల్టేజిని సర్దే బాధ్యత అక్కడి నిబంధనల్లో అప్పటికి లేదు. అందుకని ‘సౌర విద్యుత్ వల్లే’ అన్న క్లెయిమ్‌ను మేం రెండు వరుసలుగా విడదీశాం. ఒకటి ప్లాంట్ల గురించి, ఒకటి నిబంధనల గురించి. రెండిటికీ జవాబులు వేరు వేరుగా వచ్చాయి.